ముఖ్య అతిథికి మార్కులు

మా వీధిలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయికి ఈ మధ్యే బాలికల హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి, "మేడమ్, మీరు ఇదే ఉద్యోగంలో రిటైరయ్యారంట కదండీ. ఇందులో కష్టం ఏంటండీ? ఎండేనా?" అని అడిగింది. ఎండ కాదమ్మా అన్నాను. ఎండకి టోపీ ఉంది. ఈల ఎప్పుడు వెయ్యాలో, గీత ఎక్కడ గియ్యాలో శిక్షణలో నేర్పుతారు. గీతకి అవతల నిలబడి ఆట చూసే జనం నోటి గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. నా ఉద్యోగంలో సగం దానితోనే గడిచింది. ఆ పూట ఆ అమ్మాయికి నోటితో చెప్పినదాన్ని ఇప్పుడు కాస్త కుదురుగా రాస్తున్నాను.

నాకు వెటకారం పడదని మాత్రం అనుకోకండి. మాది గోదావరి జిల్లా. మా దగ్గర పిల్లలకి పళ్ళు రావడానికి ముందు వెటకారం వస్తుంది. కొత్త చీర కట్టుకుని వీధిలోకి వస్తే "ఏంటండీ, బ్యాంకుకి గానీ కన్నం వేశారా?" అని పలకరించే ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. అలాంటి పలకరింపు లేని రోజు నాకు అన్నం సహించదు. అయితే వెటకారానికీ ఒక మర్యాద ఉంది. మీరు నన్నొకటి అంటే నేను మిమ్మల్నొకటి అనాలి, ఆ తర్వాత ఇద్దరం నవ్వుకోవాలి. మైకు ఒకరి చేతిలో ఉండి, ఎండలో వరసగా నిలబడ్డ పదిహేనేళ్ళ పిల్లని ఏదో అని, ఆ పిల్ల మాత్రం నోరెత్తకూడదంటే అది వెటకారం కాదు. దానికి వేరే పేర్లున్నాయి గానీ, టీచరుగా పనిచేసిన దాన్ని, ఇక్కడ రాయను.

హెడ్మిస్ట్రెస్ గారు కట్టించిన తెర

నేను ఎక్కువ కాలం పనిచేసింది రామచంద్రపురానికి దగ్గర్లో ఒక పెద్ద ఊరి బాలికల హైస్కూల్లో. తొంభైల నాటి మాట. మా హెడ్మిస్ట్రెస్ సుభద్ర గారు. మనిషి మంచిది, పిల్లలంటే ప్రాణం. ఆవిడ భయపడేది ఒక్కదానికే. "మాట రాకూడదు టీచరుగారూ" అనేవారు. పొద్దున్న బడి గంట కొట్టగానే ఒకసారి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఒకసారి, మధ్యలో అవసరాన్ని బట్టి.

లంగాలతో కబడ్డీ ఆడితే పిల్లలు పడిపోతున్నారని ట్రాక్ ప్యాంట్లు కుట్టించాను. మర్నాడే గోడ పక్కన జనం చేరారు. "ఊళ్ళోకి సర్కసొచ్చిందేంటండీ?" అన్నాడొకడు. "జోకరు ఎవరంటావ్?" అన్నాడు రెండోవాడు. సుభద్ర గారు ఆ మాట విన్నారు. విన్నదే తడవుగా షామియానా వాళ్ళని పిలిపించి, ఆటస్థలం చుట్టూ గుడ్డ కట్టించారు.

ఊళ్ళో తెర కడితే జనం ఏమనుకుంటారు? లోపల ఏదో నాటకం ఉందనుకుంటారు. అంతవరకు టీ కొట్టు దగ్గర కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులు కూడా లేచి వచ్చారు. గోడ పక్కన ఎడ్లబండి ఆపి, దాని మీదెక్కి మరీ చూశారు. రెండో రోజుకి బఠాణీల బండి కూడా వచ్చింది. మూడో రోజు సుభద్ర గారు నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "తీసేద్దామంటారా?" అన్నారు. తీసేశాం. లోపల జరుగుతున్నది ఉత్త కబడ్డీయేనని తెలిశాక సగం మందికి విసుగొచ్చి వెళ్ళిపోయారు. మిగిలిన సగం మంది నిజంగానే ఆట చూడటం మొదలుపెట్టారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తర్వాత మా జట్టుకి వీరాభిమానులయ్యారు. మన పిల్లల్ని దాచిపెట్టమని చెప్పే అధికారి మీకూ దొరుకుతారు. వాళ్ళతో దెబ్బలాడకండి. తెర కట్టనివ్వండి, దాని ఫలితం వాళ్ళే చూస్తారు.

సత్యం మేస్టారి మైకు

అబ్బాయిల హైస్కూల్లో నా హోదాలోనే ఉన్నాయన సత్యం మేస్టారు. చుట్టుపక్కల ఎక్కడ ఆటల పోటీలు జరిగినా మైకు ఆయనదే. గొంతు కంచుగంట. జనాన్ని నవ్వించడంలో దిట్ట. అబ్బాయిలు ఆడుతుంటే ఆట చెప్పేవారు. అమ్మాయిలు దిగేసరికి ఆయనకి ఎక్కడలేని హాస్యం తన్నుకొచ్చేది. "అదుగో ఎర్ర రిబ్బను అమ్మాయి కూతకెళ్తోంది, కొత్తకోడలు అత్తారింట్లో అడుగు పెట్టినట్టు వెళ్తోందండీ! ఆ నడక చూడండి, ఆ నడుం చూడండి!" జనం ఈలలు. మా పిల్ల సిగ్గుతో చితికిపోయి, ఎవర్నీ ముట్టుకోకుండానే వెనక్కి వచ్చేసేది.

నేను చెప్పి చూశాను. "సరదాకండీ బాబూ! అలా సీరియస్సైపోతే ఎలాగండీ?" అన్నారాయన. సరే, సరదాయే కదా అని ఊరుకున్నాను. తర్వాత అబ్బాయిల పోటీ ఒకటి జరుగుతుంటే, ఆయన టీ తాగడానికి దిగారు. నేను మైకు అందుకున్నాను. "అదుగో నీలం బనీను అబ్బాయి కూతకెళ్తున్నాడండీ! కొత్తల్లుడు అత్తారింట్లో అడుగుపెట్టినట్టు వెళ్తున్నాడు! ఆ నడక చూడండి, ఆ నడుం చూడండి! రంగు కాస్త తక్కువే గానీ ముక్కు బాగుందండోయ్, పెళ్ళిచూపులకి పనికొస్తాడు!"

ఆడవాళ్ళ వైపు నుంచి పుట్టిన నవ్వు మొత్తం మైదానం మీద తిరిగింది. ఆ అబ్బాయి గీత మీద ఆగిపోయి, బనీను కిందికి లాక్కున్నాడు. కూత కూడా ఆగిపోయింది. కబడ్డీలో కూత ఆగితే ఔటు. సత్యం మేస్టారు టీ గ్లాసు పట్టుకునే పరిగెత్తుకొచ్చారు.

"ఏంటండీ టీచరుగారూ! మా కుర్రాడి పరువు తీసేసేరు కదండీ!"

"మీ మాటలేనండి. ఒకటి రెండు నేను చేర్చాను, సరదాకి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత, "మరి ఏం చెప్పమంటారండీ ఆడపిల్లల ఆటకి?" అని నిజంగానే అడిగారు. ఆట చెప్పండి అన్నాను. ఆయన గొప్పతనం ఏమిటంటే, అప్పటి నుంచి ఆటే చెప్పారు. నోరు జారినప్పుడు మాత్రం నా వైపు ఒకసారి చూసుకునేవారు. మగవాళ్ళందరూ చెడ్డవాళ్ళన్న లెక్కలో ఈ ఉద్యోగం చెయ్యకండి. చాలామందికి తమ మాట తమకు ఎదురుగా వినపడే అవకాశం జీవితంలో రాదు, అంతే.

మా స్టాఫ్‌రూంలో లెక్కల మేస్టారికి కూడా అలాంటి అవకాశం ఒకటి కల్పించాను. టీవీలో ఏదో విదేశపు పరుగుపందెంలో ఒక నల్లజాతి అమ్మాయి గెలిచింది. కండలు తిరిగిన మనిషి. ఈయన పేపరు మడిచి, "ఇది ఆడదేనంటారా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ నవ్వుతూనే, "మేస్టారూ, మీరు మేడమెట్లెక్కితే మూడో మెట్టు మీద ఆయాసపడతారు కదా. మగాడేనా అని మేం ఎప్పుడైనా అడిగామాండీ?" అన్నాను. ఆయన ఆ ఏడాది నాకు పండగ శుభాకాంక్షలు చెప్పలేదు. నాకు పెద్ద లోటు అనిపించలేదు.

పిల్లలు మార్కులు వెయ్యడం

బుల్లెమ్మ మా బడికి ఏజెన్సీ నుంచి వచ్చింది. రంపచోడవరం అవతల కొండల్లో చిన్న ఊరు వాళ్ళది. ఊళ్ళో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతిలో చేరింది. బాగా నలుపు, పొడగరి. మాట తక్కువ. కాళ్ళలో మాత్రం ఏదో ఉంది. కూతకి వెళ్తే ఎదుటి జట్టులో ఇద్దర్ని ముట్టుకుని గాని వచ్చేది కాదు.

అన్నవరం దగ్గర ఒక పోటీకి తీసుకెళ్ళాను. సాయంత్రం చీకటి పడుతోంది. బుల్లెమ్మ కూతకి వెళ్ళింది. జనంలోంచి ఎవడో, "ఒరేయ్, లైటెయ్యండ్రా, ఆ పిల్ల కనబట్టంలేదు!" అన్నాడు. మైదానం మైదానమంతా నవ్వింది. బుల్లెమ్మ కూత తెగిపోయింది. ఎదుటి కోర్టు మధ్యలో నిలబడిపోయింది. ఓడిపోయినందుకు నాకు బాధ లేదు. తిరుగుప్రయాణంలో బస్సులో ఆ పిల్ల చున్నీ మొహం మీదకి లాక్కుని, రామచంద్రపురం వచ్చేదాకా తియ్యలేదు. అది చూసి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లలకి "పట్టించుకోకండి" అని చెప్పడం చాలా తేలిక. నేను కూడా చాలాసార్లు చెప్పాను. పట్టించుకోకుండా ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు. ఈసారి ఒక పద్ధతి పెట్టాను. సాధన చేసేటప్పుడు ఒక పిల్ల కూతకి వెళ్తుంది, పక్కన కూర్చున్నవాళ్ళు జనంలాగా అరవాలి. కొత్తగా కల్పించకూడదు, పోటీల్లో నిజంగా విన్న మాటలే అనాలి. వద్దనుకున్న వాళ్ళు ఆడనక్కర్లేదు. మొదటి రోజు ఎవరికీ నోరు రాలేదు. అప్పుడు బుల్లెమ్మే, "నన్నన్న ఆ లైటు మాట అనండే" అంది. అన్నారు. ఆ పిల్ల కూత ఆగలేదు. ముట్టుకుని వెనక్కొచ్చి గీత మీద నిలబడి, "ఇదేం కొత్తది కాదండి టీచరుగారూ. హాస్టల్లో కరెంటు పోయినప్పుడల్లా అంటారండి. పాతదండి," అంది.

అక్కడి నుంచి అదొక ఆటైపోయింది. ఎవరేమన్నా మా పిల్లలు మార్కులు వేసేవారు. "పాతది! సున్నా!" అని అందరూ కలిసి అరిచేవారు. "వంటొచ్చా" అంటే సున్నా. "మగరాయుడు" అంటే సున్నా. "కాకి" అంటే సున్నా కింద సున్నా. ఒకసారి జనంలోంచి ఒకాయన "మీ గోల్‌కీపరెవరండీ?" అని అడిగాడు. కబడ్డీలో గోల్‌కీపరు ఎక్కడుంటుందండీ? దానికి మాత్రం పదికి పది వేశారు. అంత కొత్తది వాళ్ళు అంతవరకు వినలేదు.

సుభద్ర గారు ఒక సాయంత్రం ఇది విన్నారు. కిటికీలోంచి తల బయట పెట్టి, "టీచరుగారూ! ఇది బడా, చేపల మార్కెట్టా?" అన్నారు. పద్ధతి వివరించాను. ఆవిడ చెవి మీద చెయ్యి వేసుకుని, "బయటివాళ్ళు వింటే మాటొస్తుందండీ," అన్నారు. ఈ ఒక్కసారి ఆవిడ భయమే నిజమైంది.

జోనల్ పోటీలు మా బడిలో

ఆ ఏడు జోనల్ పోటీలు మా బడిలోనే జరిగాయి. మా జట్టు ఫైనల్‌కి వచ్చింది. బుల్లెమ్మ కెప్టెను. అప్పటికి పదో తరగతి. పది అయిపోతే ఆ హాస్టల్లో ఉంచరు. ఫైనల్ చూడటానికి జిల్లా జట్టుని ఎంపిక చేసేవాళ్ళు వస్తున్నారు. ఎంపికైతే క్రీడా పాఠశాలలో సీటు వస్తుంది, చదువు సాగుతుంది. లేకపోతే పెట్టె సర్దుకుని కొండెక్కడమే, పైన మేనమామ కొడుకు సిద్ధంగా ఉన్నాడు. ఈ సంగతి జట్టులో అందరికీ తెలుసు.

ఆట ముందు సభ. ముఖ్య అతిథి గారు జిల్లాలో పేరున్న నాయకుడు. ఆయన పేరు చెప్పను, ముఖ్య అతిథి గారనే అంటాను, ఆయనకీ ఆ పేరే ఎక్కువ ఇష్టం. పక్క కుర్చీలో మా మండల పరిషత్ అధ్యక్షురాలు రత్నం గారు. ఆడవాళ్ళకి కోటా వచ్చిన కొత్త. ఆవిడ గెలిచారు గానీ, ఊళ్ళో అందరూ ప్రెసిడెంటు గారని పిలిచేది వాళ్ళాయన సూర్రావు గారిని. సంతకం ఆవిడది, కుర్చీ ఆయనది, ఉపన్యాసం కూడా ఆయనదే. "అధ్యక్షురాలు గారి తరఫున వారి భర్త గారు మాట్లాడతారు" అని మైకులో చెప్పడం మా మండలంలో మామూలైపోయింది. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

ముఖ్య అతిథి గారు లేచారు. "మన అధ్యక్షురాలు గారు నిన్నటిదాకా పులిహోర కలిపేవారు, ఇప్పుడు మండలాన్ని కలుపుతున్నారు. ఉప్పు సరిపోయిందో లేదో సూర్రావు గారు చూసుకోవాలి మరి!" అన్నారు. సభంతా నవ్వింది. రత్నం గారూ నవ్వారు, తల దించుకుని.

తర్వాత ఆయన ఎదురుగా వరసగా నిలబడ్డ మా పిల్లల వైపు తిరిగారు. బుల్లెమ్మని చూశారు. "ఈ అమ్మాయి ఆట బంగారమని విన్నానమ్మా. కొండ మీద పుట్టావు కాబట్టి కాస్త మాడిపోయావు. దేవుడు ఆ కాళ్ళకిచ్చిన దాంట్లో కొంచెం రంగుకి కూడా ఇచ్చుంటే ఈపాటికి సినిమాల్లో ఉండేదానివి!" అన్నారు. ఆయన తిట్టాననుకోలేదు. మెచ్చుకున్నాననే అనుకున్నారు. ఆ నవ్వులో ఎక్కడా విషం లేదు, అది కూడా నేను చెప్పాలి.

సభ నవ్వడానికి నోరు తెరిచింది. అంతలోపే మా పిల్లలు, ఏడుగురు, పక్కన కూర్చున్న వాళ్ళతో సహా, రోజూ సాయంత్రం అలవాటైన గొంతుతో, ముక్తకంఠంతో అరిచారు.

"పాతదండీ! సున్నా!"

సభ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పిల్లలకి కూడా తాము ఏం చేశారో అరిచాకే తెలిసింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. సత్యం మేస్టారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి పక్కకి తిరిగిపోయారు. నవ్వాపుకోలేక భుజాలు కదులుతున్నాయి.

హెడ్మిస్ట్రెస్ గదిలో

ముఖ్య అతిథి గారు పెద్దమనసుతో, "చిన్నపిల్లలు, నాకేం లేదమ్మా," అన్నారు. ఆయనకేం లేకపోతే ఆయన వెనకున్న వాళ్ళకి చాలా ఉంటుంది. సుభద్ర గారు నన్నూ జట్టునీ తన గదికి తీసుకెళ్ళారు. ఒక తెల్లచొక్కా ఆయన మా వెనకే అక్కడికి వచ్చి, "ఆ నల్లపిల్ల మైకులో అందరి ముందూ తప్పయిందని చెప్పాలండి. లేకపోతే ఈ జట్టు ఆట ఆడదండి. ఆయ్," అని చెప్పి వెళ్ళిపోయాడు.

సుభద్ర గారు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "బుల్లెమ్మా, ఒక్క మాట అనమ్మా. తప్పయిందండీ అను. అయిపోద్ది."

"దేనికండీ?"

"పెద్దాయన్ని మాటన్నందుకు."

"మేం ఆయన్ని ఏమనలేదండి. ఆయన మాటకి మార్కులేసేమండి."

సుభద్ర గారు నా వైపు తిరిగారు. "చూశారా! ఇదంతా మీ శిక్షణే."

"మేడమ్, ముందు ఆయన చెప్పాలి కదండీ," అన్నాను.

"ఆయన చెప్తారా? గోదారి వెనక్కి పారుతుందా? ఇప్పుడు న్యాయం కాదు టీచరుగారూ, టైము చూడండి. ఎంపిక చేసేవాళ్ళు వాచీ చూసుకుంటున్నారు."

ఆవిడన్నది అబద్ధం కాదు. నేను ఇంకా ఏదో అనబోతుంటే బుల్లెమ్మ నన్ను ఆపింది.

"చెప్పేస్తానండి. ఆడనిస్తే చాలండి."

ఇక నాకు వెటకారం రాలేదు. ఆ పిల్లకి అంతమంది ముందు మైకు పట్టుకుని, తన రంగుని ఎగతాళి చేసినాయనకి క్షమాపణ చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పడానికి ఒప్పుకుంది, ఎందుకంటే ఆట కావాలి. నా కోపం ముఖ్య అతిథి మీద కూడా కాదు, మా మీదే. ఆ గదిలో చదువుకున్న పెద్దవాళ్ళం ఇద్దరం ఉండి, పదిహేనేళ్ళ పిల్ల చేత బేరం ఆడిస్తున్నాం అనిపించి ఏడుపొచ్చింది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. బడి మొత్తానికి ఆడవాళ్ళు వాడుకోదగ్గ బాత్రూం సుభద్ర గారి గది వెనక ఒక్కటే ఉండేది. మైదానంలో మగ అతిథులకి గోడలు చాలు. ఆడ అధ్యక్షురాలు మాత్రం సభ మధ్యలో లేచి ఇక్కడిదాకా నడిచి రావలసిందే. రత్నం గారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"నన్నన్నదానికి ఎన్నేసేరర్రా?" అన్నారు.

పిల్లలు నా మొహం చూశారు. చెప్పండన్నట్టు తలూపాను.

"పులిహోరకాండీ?" అంది ఒక పిల్ల, నసుగుతూ. "వెయ్యలేదండి. మీరు నవ్వేరు కదండీ. మీకు బాగుందేమోననుకున్నామండి."

రత్నం గారు లోపలికి వచ్చారు. సుభద్ర గారి కుర్చీలో కూర్చున్నారు. "గెలిచిన దగ్గర్నించీ నవ్వుతూనే ఉన్నానమ్మా," అన్నారు. "నవ్వకపోతే పొగరంటారు." లేచి, చీర సర్దుకుని, "ఈ పిల్లని మైకు దగ్గరికి పంపకండి మేడమ్. క్షమాపణ నేను చెప్తాను," అని బయటికి నడిచారు.

సుభద్ర గారు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. పిల్లల తరఫున అధ్యక్షురాలు గారే పెద్దాయనకి క్షమాపణ చెప్పేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నేను కూడా అలాగే అనుకున్నాను, నచ్చకపోయినా.

ఆ తర్వాత

తర్వాత ఎవరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. ఆ ఫైనల్ మా జట్టు ఓడిపోయింది. చివరి కూతలో ఒక్క పాయింటు తేడా. బుల్లెమ్మని మాత్రం జిల్లా జట్టుకి తీసుకున్నారు, సీటు వచ్చింది. చదువుకుంది. ఇప్పుడు పోలీసు శాఖలో ఉంది, ఇద్దరు పిల్లలు. రత్నం గారికి తర్వాతి ఎన్నికల్లో టికెట్టు ఇవ్వలేదు. "ఆవిడకి నోరెక్కువైందండీ" అన్నారు. ఆవిడ బాధపడినట్టు కనపడలేదు గానీ, పడే ఉంటారు. ముఖ్య అతిథి గారు మరుసటి ఏడు కూడా ముఖ్య అతిథిగానే వచ్చారు. లేచి, మా పిల్లల వరస ఒకసారి చూసి, ఎరువుల ధరల గురించి మాట్లాడి కూర్చున్నారు. ఆయన ఇచ్చిన ఉపన్యాసాల్లో అదే బాగుందని సత్యం మేస్టారు ఈ రోజుకీ అంటారు.

మార్కులు వెయ్యడం మీ పిల్లలకి నేర్పాలా వద్దా అంటే, నేర్పండి. కూత ఆగకుండా ఉంటుంది. కానీ దానితో మీ పని అయిపోయిందనుకోకండి. ఆ మాటలు పుట్టేది వేదిక మీద, మైకు దగ్గర. అక్కడ కుర్చీల్లో కూర్చుని నవ్వుతున్న వాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళలో ఒక్కరు లేచి నిలబడితే ఏమవుతుందో నేను ఆ రోజు చూశాను.

మేం మైదానంలోకి తిరిగొచ్చి, పిల్లలు మళ్ళీ వరసలో నిలబడ్డాక, సత్యం మేస్టారు అలవాటు ప్రకారం, "ఇప్పుడు అధ్యక్షురాలు గారి తరఫున వారి భర్త గారు..." అని మొదలుపెట్టారు. సూర్రావు గారు లేచి కండువా సర్దుకున్నారు. అంతలో రత్నం గారు ఆయన ముందు నుంచే నడిచి మైకు దగ్గరికి వచ్చారు. మైకు ఎత్తుగా ఉంది. మేస్టారు మారుమాట లేకుండా దాన్ని కిందికి దింపారు. ఆవిడ నోరు తెరిచేసరికి మైకు కీచుమంది. మొదటి మాట ఎవరికీ వినపడలేదు.

"అందరికీ నమస్కారమండి," అన్నారు మళ్ళీ. "క్షమాపణ కావాలన్నారు. చెప్తానండి. అమ్మా బుల్లెమ్మా, ఇలా రా తల్లీ."

బుల్లెమ్మ వరసలోంచి కదిలి వేదిక ఎక్కింది. ముఖ్య అతిథి గారు క్షమించడానికి సిద్ధంగా, చిరునవ్వుతో కూర్చున్నారు. రత్నం గారు ఆయన వైపు తిరగలేదు.

"నీ రంగు గురించి ఆ మాట అన్నప్పుడు నేను ఈ పక్క కుర్చీలోనే ఉన్నానమ్మా. అందరితో పాటు నవ్వడానికి నేనూ నోరు తెరిచాను. నన్నన్నప్పుడు కూడా నవ్వేను. ఈ మండలానికి అధ్యక్షురాల్ని నేను. ఈ వేదిక మీద నిన్ను ఆ మాట అనకూడదు. నువ్వు మాకు చెప్పక్కర్లేదు. మేమే నీకు చెప్పాలి. తప్పయిందమ్మా."

అని, రెండు చేతులూ జోడించి ఆ పిల్లకి దణ్ణం పెట్టారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ముఖ్య అతిథి గారు ఒళ్ళో ఉన్న శాలువా మడత విప్పి, మళ్ళీ మడతపెట్టుకున్నారు.

బుల్లెమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి ఆవిడ చేతులు పట్టుకుని కిందికి దింపింది. మైకు ఇంకా మోగుతూనే ఉంది కాబట్టి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది మైదానమంతా విన్నది.

"చేతులు వణికిపోతున్నాయండీ మీయి."

"భయమమ్మా. ఎప్పుడూ మాట్లాడలేదు."

"నాక్కూడా కూతకెళ్ళే ముందు అంతేనండి," అంది బుల్లెమ్మ. "గీత దాటేక పోద్దండి."